డేటా పరిమాణాలను కోడ్‌లో దాచడం, మార్చడం: స్ప్రింగ్ డేటాసైజ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

జావా భాషలో స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడేవారికి అప్‌లోడ్ పరిమితి, బఫర్ పరిమాణం, లాగ్ ఫైలు గరిష్ఠ పరిమాణం వంటి సెట్టింగులు రోజూ ఎదురవుతాయి. వాటి వెనుక డేటాసైజ్ అనే చిన్న క్లాస్ ఉంటుంది. ఆ క్లాస్ గురించి, దాని చుట్టూ ఉండే కిలోబైటు, మెగాబైటు గందరగోళం గురించి పదేపదే వచ్చే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. మరో భాషలో, మరో లైబ్రరీతో పనిచేసేవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

పరిమాణాన్ని మామూలు పూర్ణాంకంగా ఉంచుకుంటే సరిపోదా? దానికొక ప్రత్యేకమైన టైపు ఎందుకు?

ఒక మెథడ్ పరిమితిని లాంగ్ టైపులో తీసుకుంటోందనీ, పిలిచేవారు దానికి 10 అని పంపారనీ అనుకుందాం. అది 10 బైట్లో, 10 కిలోబైట్లో, 10 మెగాబైట్లో ఆ సంఖ్యను చూసి ఎవరూ చెప్పలేరు. వేరియబుల్ పేరు చివర ప్రమాణం చేర్చడం కొంత మేలే, కానీ కంపైలర్ పేర్లను చదవదు. కిలోబైట్ల వేరియబుల్‌ను బైట్లు ఆశించే మెథడ్‌కు అందించినా అది అడ్డు చెప్పదు. ఇలాంటి పొరపాటు పరీక్షల్లో తరచుగా దొరకదు, ఎందుకంటే పరీక్షల్లో వాడే ఫైళ్లు చిన్నవి, ఏ పరిమితినీ తాకవు.

కాలవ్యవధి విషయంలో జావా ఈ పాఠాన్ని ముందే నేర్చుకుంది. 2014లో వచ్చిన జావా 8 డ్యురేషన్ క్లాస్‌ను తెచ్చాక, సెకన్లా మిల్లీసెకన్లా అన్న సందేహం ఆ టైపు వాడిన చోటల్లా తీరిపోయింది. డేటా పరిమాణానికి జావా ప్రామాణిక లైబ్రరీలో అలాంటిదేమీ లేదు. 2018లో విడుదలైన స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 5.1 ఆ లోటును డేటాసైజ్‌తో పూరించింది, అదే ఏడాది వచ్చిన స్ప్రింగ్ బూట్ 2.1 దాన్ని కాన్ఫిగరేషన్ ఫైళ్లలో నేరుగా వాడుకునే వీలు కల్పించింది.

డేటాసైజ్ ఆబ్జెక్ట్ లోపల ఏం ఉంటుంది?

బైట్ల సంఖ్య ఒక్కటే, 64 బిట్ల పూర్ణాంకంగా. మీరు దాన్ని మెగాబైట్లలో సృష్టించారా, కిలోబైట్లలో సృష్టించారా అన్నది అది గుర్తుపెట్టుకోదు. ఒకసారి సృష్టించాక మారదు కాబట్టి థ్రెడ్ల మధ్య నిశ్చింతగా పంచుకోవచ్చు.

సంఖ్యనూ ప్రమాణాన్నీ జంటగా దాచి ఉంటే బాగుండేది కదా అని కొందరు అడుగుతారు. నా దృష్టిలో ఇక్కడ తీసుకున్న నిర్ణయమే సరైనది. జంటగా దాస్తే 1 మెగాబైటూ 1024 కిలోబైట్లూ సమానమా కాదా అన్న ప్రశ్న ప్రతి పోలికలోనూ తలెత్తుతుంది, హ్యాష్‌మ్యాప్‌లో ఒకే పరిమాణం రెండు కీలుగా చేరే ప్రమాదం ఉంటుంది. బైట్లు మాత్రమే ఉంటే సమానత్వం రెండు పూర్ణాంకాల సమానత్వంగా మారిపోతుంది. ప్రమాణం అనేది విలువ లోపలికి వచ్చేటప్పుడూ బయటికి వెళ్లేటప్పుడూ, అంటే గుమ్మం దగ్గర మాత్రమే అవసరం. ఇంటి లోపల అన్నీ బైట్లే. ఈ పేజీలోని మిగిలిన సమాధానాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క నియమం నుంచే వస్తాయి.

ఇందులో ఒక మెగాబైటు అంటే 10,00,000 బైట్లా, 10,48,576 బైట్లా?

10,48,576 బైట్లు. డేటాసైజ్‌లో ప్రతి మెట్టూ 1024 రెట్లు: కిలోబైటు 1024 బైట్లు, గిగాబైటు 1,07,37,41,824 బైట్లు, టెరాబైటు 10,99,51,16,27,776 బైట్లు. టెరాబైటు తర్వాత ప్రమాణాలు లేవు.

ఈ లెక్క ప్రామాణిక సంస్థల నిర్వచనంతో సరిపోలదన్నది తెలిసే వాడాలి. అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థలో కిలో అంటే 1000, మెగా అంటే పది లక్షలు. అందులో మినహాయింపు లేదు. మెమరీ చిప్‌ల చిరునామాలు ద్విసంఖ్యామానంలో ఉంటాయి కాబట్టి వాటి పరిమాణం సహజంగానే రెండు యొక్క ఘాతాలుగా వస్తుంది, 2 ఘాతం 10 అంటే 1024, అది 1000కి దగ్గరగా ఉంది. అందుకే తొలితరం ఇంజనీర్లు కిలో అన్న పదాన్నే దానికీ వాడుకున్నారు. ఆ రోజుల్లో తేడా 2.4 శాతమే కనుక ఇబ్బంది కలగలేదు. ప్రమాణం పెరిగేకొద్దీ తేడా కూడా పేరుకుంటుంది: మెగా దగ్గర సుమారు 4.9 శాతం, గిగా దగ్గర 7.4 శాతం, టెరా దగ్గర దాదాపు 10 శాతం, పెటా దగ్గర 12.6 శాతం.

ఈ చిక్కును విడదీయడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998 డిసెంబరులో కొత్త పేర్లను ఆమోదించింది: 1024కి కిబీ, దాని వర్గానికి మెబీ, ఆ పైన గిబీ, టెబీ. వాటి ప్రకారం డేటాసైజ్‌లో మెగాబైటు అని పిలిచేది నిజానికి మెబీబైటు. లినక్స్ ప్రపంచంలో ఈ పేర్లు కొంతవరకు స్థిరపడ్డాయి, మాటల్లో మాత్రం ఎవరూ మెబీబైటు అనరు. స్ప్రింగ్ రచయితలు వాడుకలోని పేరును ఉంచి, తమ లెక్క రెండు యొక్క ఘాతాలదని క్లాస్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాశారు. పేర్లు మార్చి ఉంటే ఇంకా బాగుండేదని నా అభిప్రాయం. అయినా రాసిన మాటకు కట్టుబడి ప్రతిచోటా ఒకే లెక్క పాటించడం కూడా విలువైన విషయమే.

నేను కొన్న 1 టెరాబైటు డిస్కు 931 గిగాబైట్లుగా కనిపిస్తోంది. డిస్కులో లోపం ఉందా?

లేదు. తయారీదారు లక్ష కోట్ల బైట్లను, అంటే 10 ఘాతం 12ను, 1 టెరాబైటు అంటారు. విండోస్ ఆ బైట్లను 1,07,37,41,824తో భాగించి, వచ్చిన 931.32ను గిగాబైట్లు అని చూపిస్తుంది. బైట్లు ఎక్కడికీ పోలేదు, భాగించిన సంఖ్య మాత్రమే వేరు. యాపిల్ 2009లో మాక్ ఓఎస్ ఎక్స్ 10.6తో దశాంశ లెక్కకు మారింది కాబట్టి అదే డిస్కును మాక్‌కు తగిలిస్తే 1 టెరాబైటుగానే కనబడుతుంది. లినక్స్‌లో డీఎఫ్ కమాండ్‌కు చిన్న హెచ్ ఇస్తే 1024 లెక్క, పెద్ద హెచ్ ఇస్తే 1000 లెక్క.

ఈ రెండు లెక్కలూ కలగాపులగమైన వస్తువు కూడా ఒకటుంది. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో 14,74,560 బైట్లు పట్టేవి. అవి 1440 కిలోబైట్లు, అయితే ఆ కిలో 1024. ఆ 1440ని 1000తో భాగించి 1.44 అన్నారు. అంటే ఆ మెగాబైటు 10,00,000 కాదు, 10,48,576 కాదు, 10,24,000.

అప్‌లోడ్ పరిమితి 5 మెగాబైట్లు అని ప్రకటించాం. ఏ లెక్క వాడాలి?

పరిమితి మీరు పెట్టేదైనప్పుడు పెద్ద లెక్కను, అంటే 1024 లెక్కను వాడండి. కారణం ఇది. మీరు 50,00,000 బైట్ల దగ్గర ఆపితే, విండోస్‌లో 4.8 మెగాబైట్లుగా కనబడే ఫైలు దాదాపు 50,33,000 బైట్లు ఉంటుంది కాబట్టి తిరస్కరణకు గురవుతుంది, ఆ వినియోగదారుకు అది పూర్తిగా అన్యాయంగా తోస్తుంది. 52,42,880 బైట్ల దగ్గర ఆపితే, మాక్‌లో 5.2 మెగాబైట్లుగా కనబడే ఫైలు కూడా ఆమోదం పొందుతుంది; చెప్పినదానికంటే కాస్త ఎక్కువ ఒప్పుకున్నారని ఎవరూ ఫిర్యాదు చేయరు.

స్ప్రింగ్ బూట్‌లో ఇంకో సంగతి ఉంది. ఒక్కో ఫైలుకు గరిష్ఠ పరిమాణం, మొత్తం అభ్యర్థనకు గరిష్ఠ పరిమాణం అనేవి వేర్వేరు సెట్టింగులు. డీఫాల్ట్‌గా మొదటిది 1 మెగాబైటు, రెండోది 10 మెగాబైట్లు. రెండింటికీ ఒకే విలువ ఇస్తే, సరిగ్గా ఆ పరిమాణం ఉన్న ఫైలు వెళ్లదు, ఎందుకంటే ఫైలు చుట్టూ వచ్చే హెడర్లు, విభజన గీతలు కూడా అభ్యర్థన బైట్లలోకే వస్తాయి. రెండోదాన్ని ఎప్పుడూ కొంత పెద్దదిగా ఉంచాలి.

నాకు దశాంశ మెగాబైట్లే కావాలి. డేటాసైజ్‌ను వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, కానీ గుణకారం మీరే చేసి బైట్ల రూపంలో ఇవ్వాలి. అలా చేసే చోట్లన్నీ ఒక్క సహాయక మెథడ్‌లోకి చేర్చి, దాని పేరులోనే దశాంశం అన్న మాట ఉండేలా చూడండి. పేర్లు రెండు విధాలా కావాలనుకునేవారికి పైథాన్‌లోని హ్యూమన్‌ఫ్రెండ్లీ, గో భాషలోని గో-హ్యూమనైజ్ వంటి లైబ్రరీలు రెండు లెక్కలనూ విడివిడిగా అందిస్తాయి. వాటిలో డీఫాల్ట్ ఏదో ముందుగా చూసుకోవడం తప్పనిసరి.

"10ఎంబీ" అన్న పాఠ్యాన్ని పార్స్ మెథడ్ చదువుతుంది. ఇంకా ఏయే రూపాలను ఒప్పుకుంటుంది?

చాలా కొద్ది రూపాలను మాత్రమే. ముందు ఐచ్ఛికంగా కూడిక లేదా తీసివేత గుర్తు, తర్వాత పూర్ణాంకం, ఆ తర్వాత సున్నా నుంచి రెండు ఆంగ్ల అక్షరాల ప్రత్యయం. ఆ ప్రత్యయాలు ఐదే: బీ, కేబీ, ఎంబీ, జీబీ, టీబీ, అన్నీ పెద్ద అక్షరాల్లోనే. చిన్న అక్షరాల్లో ఎంబీ అని రాస్తే ఎక్సెప్షన్ వస్తుంది. "1.5జీబీ" చెల్లదు, ఎందుకంటే దశాంశ బిందువుకు చోటు లేదు, బదులుగా 1536 ఎంబీ అని రాయాలి. మెబీబైటు సంకేతానికి మూడు అక్షరాలుంటాయి కనుక అదీ చెల్లదు.

ఈ కాఠిన్యం చాలామందికి చికాకు కలిగిస్తుంది. నేను మాత్రం దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. చిన్న బీ బిట్‌ను సూచిస్తుంది, పెద్ద బీ బైట్‌ను సూచిస్తుంది; రెండింటినీ ఒకటిగా తీసుకునే పార్సర్ ఎనిమిది రెట్ల తప్పును మౌనంగా లోపలికి రానిస్తుంది. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే ఆగిపోతే మనిషి వచ్చి సరిచేస్తాడు, తప్పు విలువతో నడిస్తే నెలల తరబడి ఎవరికీ తెలియదు.

ఒక్క అక్షరం ఎంత మార్చగలదో కంటైనర్లను నడిపే కుబెర్నెటీస్ వ్యవస్థలో చూడవచ్చు. అక్కడ మెమరీ పరిమాణానికి చివర పెద్ద ఎం అంటే పది లక్షలు, ఎంఐ అంటే 10,48,576, చిన్న ఎం అంటే వెయ్యోవంతు. చిన్న ఎం చేర్చి 400 అని రాసినవారు 400 మెగాబైట్లు అడిగామనుకుంటారు, నిజానికి 0.4 బైటు అడిగినట్టు. దీన్ని కుబెర్నెటీస్ డాక్యుమెంటేషన్ స్వయంగా హెచ్చరికగా రాసిందంటే ఎంతమంది ఈ గుంటలో పడి ఉంటారో ఊహించవచ్చు.

జావా హీప్‌కు 512ఎం ఇచ్చాను, కంటైనర్‌కూ 512ఎం ఇచ్చాను. అయినా ప్రాసెస్‌ను ఎందుకు చంపేస్తోంది?

రెండు చోట్లా ఒకే సంఖ్య, ఒకే అక్షరం ఉన్నా లెక్కలు వేరు. జావా ప్రోగ్రాంను నడిపే జేవీఎంలో గరిష్ఠ హీప్‌కు (ఆబ్జెక్ట్‌లు ఉండే మెమరీకి) ఇచ్చే 512ఎం 1024 లెక్కలో 53,68,70,912 బైట్లు. కుబెర్నెటీస్‌లో పెద్ద ఎం చేర్చి రాసిన 512 దశాంశ లెక్కలో 51,20,00,000 బైట్లు. హీప్ ఒక్కటే పూర్తిగా పెరిగితే కంటైనర్ హద్దును 2,48,70,912 బైట్లు దాటుతుంది, అప్పుడు కెర్నల్ ఆ ప్రాసెస్‌ను ఆపేస్తుంది. లాగ్‌లో జావా ఎర్రర్ ఏదీ ఉండదు, ఎందుకంటే జేవీఎం తన దృష్టిలో తన హద్దును దాటలేదు.

ఎంఐకి మార్చినంత మాత్రాన కూడా పని పూర్తి కాదు. జేవీఎంకు హీప్ బయట క్లాసుల సమాచారం, థ్రెడ్ల స్టాక్, కంపైల్ చేసిన కోడ్ వంటివాటికీ మెమరీ కావాలి. అందువల్ల కంటైనర్ హద్దు హీప్ కంటే తగినంత ఎక్కువగా ఉండాలి. రెండింటినీ వేర్వేరు ఫైళ్లలో చేత్తో రాయడం కంటే, కంటైనర్ మెమరీలో హీప్‌కు ఎంత శాతం ఇవ్వాలో జేవీఎం ఆప్షన్‌గా చెప్పడం నయం. అప్పుడు ప్రమాణాల మార్పిడి అన్న ప్రశ్నే తలెత్తదు.

సెట్టింగులో ప్రమాణం రాయకుండా 256 అని మాత్రమే ఇస్తే ఏమవుతుంది?

మీరు వేరే చెప్పకపోతే 256 బైట్లు. స్ప్రింగ్ బూట్‌లో డేటాసైజ్‌యూనిట్ అనే అనోటేషన్ పెట్టి ఆ ఫీల్డ్‌కు డీఫాల్ట్ ప్రమాణాన్ని మార్చవచ్చు. పాత సెట్టింగు మెగాబైట్లలో ఉత్త సంఖ్యగా ఉండి, దాన్ని ఇప్పుడు డేటాసైజ్‌కు మారుస్తున్నారనుకోండి. పాత కాన్ఫిగరేషన్ ఫైళ్లు చెడకుండా ఉండాలంటే ఈ అనోటేషన్ అవసరం. కొత్త సెట్టింగుల్లో దాన్ని వాడవద్దని నా సలహా. రాసేవారు ప్రమాణాన్ని ఎప్పుడూ రాయాలి, చదివేవారు కోడ్ తెరవకుండా అర్థం చేసుకోగలగాలి.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో వర్క్ మెమరీకి ఉత్త 100 ఇస్తే 100 కిలోబైట్లు, షేర్డ్ బఫర్లకు ఉత్త 100 ఇస్తే 100 బ్లాకులు, ఒక్కో బ్లాకు సాధారణంగా 8 కిలోబైట్లు. ఒకే ఫైలులో ఒకే సంఖ్యకు ఇన్ని అర్థాలు ఉన్నప్పుడు ప్రమాణం రాయడం మర్యాద మాత్రమే కాదు, అవసరం.

పరిమితి లేదని చెప్పడానికి -1 వాడుతున్నాం. ఇది డేటాసైజ్‌తో సరిగ్గా పనిచేస్తుందా?

జాగ్రత్తగా ఉంటే పనిచేస్తుంది. డేటాసైజ్ రుణాత్మక విలువలను ఒప్పుకుంటుంది, మల్టిపార్ట్ అప్‌లోడ్ సెట్టింగుల్లో -1 అంటే హద్దు లేదనే అర్థం. కానీ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. డీఫాల్ట్ ప్రమాణం మెగాబైట్లుగా ఉన్న ఫీల్డ్‌కు -1 ఇస్తే లోపల -10,48,576 బైట్లు చేరతాయి, అక్కడ బైట్లు -1కి సమానమా అని చూసే కోడ్ విఫలమవుతుంది. రెండోది ఇంకా ప్రమాదకరం: -1 బైటును కిలోబైట్లలోకి మారిస్తే పూర్ణాంక భాగహారంలో 0 వస్తుంది, అంటే హద్దు లేదన్నది ఏమీ అనుమతించవద్దుగా మారిపోతుంది. అందువల్ల -1తో ఎప్పుడూ పోల్చకండి. ఈజ్‌నెగటివ్ అనే మెథడ్ ఉన్నది ఇందుకే. మార్పిడికి ముందే దాన్ని అడగండి.

1.5 మెగాబైట్ల విలువను టుమెగాబైట్స్ మెథడ్‌తో మారిస్తే 1 వస్తోంది. ఇది లోపమా?

లోపం కాదు. ఆ మెథడ్ పూర్ణాంక భాగహారం చేసి మిగిలినదాన్ని వదిలేస్తుంది. 15,72,864 బైట్లు 1 మెగాబైటు అవుతాయి, 1023 బైట్లు 0 కిలోబైట్లు అవుతాయి.

మార్పిడిలో నష్టం ఉంటుందని గుర్తుంచుకుంటే ఒక క్రమం సహజంగా ఏర్పడుతుంది: ముందు కూడాలి, ఆ తర్వాతే మార్చాలి. ఒక్కొక్కటి 900 బైట్లున్న 1000 ఫైళ్లను తీసుకోండి. బైట్లు కూడితే 9,00,000, అంటే దాదాపు 879 కిలోబైట్లు. ఒక్కో ఫైలునూ ముందే కిలోబైట్లలోకి మార్చి కూడితే మొత్తం సున్నా. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో నెలవారీ నిల్వ నివేదిక కొన్ని ఖాతాలకు ఎప్పుడూ సున్నాయే చూపేది. ఆ ఖాతాల్లో చిన్న పాఠ్య ఫైళ్లు వేలల్లో ఉన్నాయని తెలిశాక గానీ, లూప్ లోపల ఉన్న మార్పిడి వరుస మా కళ్లకు కనబడలేదు.

పూర్ణాంకానికి ఎటువైపు సవరించాలన్నది పనిని బట్టి ఉంటుంది. ఎంత చోటు కేటాయించాలో లెక్కిస్తుంటే పైకి సవరించాలి, జావా 18 నుంచి మ్యాథ్ క్లాస్‌లోని సీల్‌డివ్ ఆ పని చేస్తుంది. ఎంత చోటు మిగిలిందో చెబుతుంటే కిందికి సవరించాలి, లేని చోటు ఉందని చెప్పడం తప్పు కాబట్టి. డేటాసైజ్ ఈ ఎంపికను మీకే వదిలేసింది, బైట్లు ఇచ్చి ఊరుకుంటుంది.

చాలా పెద్ద విలువలు ఇస్తే పొంగిపోతుందా?

డేటాసైజ్ తన గుణకారాన్ని మల్టిప్లైఎగ్జాక్ట్‌తో చేస్తుంది కాబట్టి, ఫలితం 64 బిట్లలో పట్టకపోతే తప్పుడు సంఖ్య ఇవ్వకుండా ఎక్సెప్షన్ విసురుతుంది. 83,88,607 టెరాబైట్ల వరకు సరిపోతుంది, ఇంకొక్క టెరాబైటు కలిపితే ఆగిపోతుంది. మన దైనందిన అవసరాలకు అది ఎంతో దూరం.

ప్రమాదం అంతకుముందే, విలువ డేటాసైజ్‌ను చేరకముందే ఉంటుంది. 3 గిగాబైట్ల కోసం 3 ఇంటూ 1024 ఇంటూ 1024 ఇంటూ 1024 అని రాసి, బైట్ల నుంచి డేటాసైజ్ సృష్టించే ఆఫ్‌బైట్స్‌కు ఇస్తే, జావా ఆ గుణకారాన్ని 32 బిట్లలో చేస్తుంది. దాని గరిష్ఠం 2,14,74,83,647. ఫలితం చుట్టు తిరిగి -1,07,37,41,824 అవుతుంది. -1 గురించిన పై ప్రశ్నతో కలిపి చూడండి: రుణాత్మకం అంటే హద్దు లేదని మీ కోడ్ అనుకుంటుంటే, 3 గిగాబైట్ల పరిమితి మౌనంగా మాయమైపోతుంది. ఆఫ్‌గిగాబైట్స్‌కు 3 అని ఇస్తే ఈ సమస్యే రాదు.

బైట్లను బ్రౌజర్‌కు పంపేవారు జావాస్క్రిప్ట్ హద్దునూ గమనించాలి. అందులోని మామూలు సంఖ్యలు 9,00,71,99,25,47,40,991 వరకే కచ్చితం, అంటే దాదాపు 9 దశాంశ పెటాబైట్లు. ఒక ఫైలుకు అది చాలు. ఒక పెద్ద నిల్వ వ్యవస్థ మొత్తానికి చాలకపోవచ్చు, అప్పుడు బిగ్‌ఇంట్ వాడాలి.

రెండు డేటాసైజ్‌లను ఎలా కూడాలి?

కూడే మెథడ్ లేదు. రెండింటి బైట్లనూ యాడ్‌ఎగ్జాక్ట్‌తో కూడి, ఆఫ్‌బైట్స్‌తో కొత్తది సృష్టించాలి. పోలిక మాత్రం నేరుగా చేయవచ్చు.

వినియోగదారుకు అందంగా చూపించడం ఎలా? టుస్ట్రింగ్ బైట్లే ఇస్తోంది.

విలువను పాఠ్యంగా మార్చే టుస్ట్రింగ్ ఉన్నది లాగ్‌ల కోసం, తిరిగి చదువుకోవడం కోసం. తెర మీద చూపడానికి వేరే మెథడ్ రాసుకోవాలి లేదా దానికోసమే ఉన్న లైబ్రరీ వాడాలి. ఈ పని కనిపించినంత తేలిక కాదు. 2010లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో దీనికి వచ్చిన ఒక జావా సమాధానం ఆ తర్వాత లెక్కలేనన్ని ప్రాజెక్టుల్లోకి చేరింది, అక్కడ అత్యధికంగా కాపీ అయిన జావా కోడ్ అదేనని ఆ తర్వాత పరిశోధకులు గుర్తించారు. అందులో చిన్న తప్పు ఉండిపోయింది: 9,99,999 బైట్లకు అది 1000.0 కిలోబైట్లు అని చూపేది, 1.0 మెగాబైటు అనాల్సిన చోట. దాని రచయితే తర్వాత ఆ తప్పును వివరించి సరిచేశారు.

తప్పు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం అవసరం. ప్రమాణాన్ని ముందు ఎంచుకుని ఆ తర్వాత దశాంశాన్ని సవరిస్తే, సవరణ విలువను తర్వాతి మెట్టుకు నెట్టేస్తుంది. 1024 లెక్కలోనూ అంతే: 10,48,575 బైట్లు 1024.0 కిలోబైట్లుగా కనబడతాయి. సవరించిన తర్వాత హద్దును తాకిందేమో చూసి, తాకితే పై ప్రమాణానికి మారడమే మందు. సంవర్గమానంతో ప్రమాణాన్ని కనుక్కునే చిట్కా చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఫ్లోటింగ్ పాయింట్ గణనలో హద్దుల దగ్గర తడబడుతుంది. పూర్ణాంకాలతో మెట్టుమెట్టుగా పోల్చడం మేలు.

బైట్ల పూర్తి సంఖ్యను చూపుతుంటే కామాలు స్థానిక పద్ధతిలో రావాలి. మన చదువరులకు 1,073,741,824 కంటే 1,07,37,41,824 త్వరగా అందుతుంది, కోట్లు ఎన్నో లక్షలు ఎన్నో కంటికి తెలుస్తాయి. బ్రౌజర్‌లోని ఇంటల్ నంబర్‌ఫార్మాట్‌కు తెలుగు లొకేల్ ఇస్తే ఈ కూర్పు దానంతట అదే వస్తుంది. అదే సాధనం బైటు నుంచి పెటాబైటు వరకు ప్రమాణాల పేర్లనూ చేరుస్తుంది, కానీ మార్పిడి చేయదు, మెబీబైటు వంటి పేర్లు దానికి తెలియవు. భాగహారం మీదే, పేరు దానిది.

నెట్‌వర్క్ వేగాన్ని డేటాసైజ్‌లో పెట్టవచ్చా?

పెట్టకూడదు. నెట్‌వర్క్ వేగాలు బిట్లలో, దశాంశ లెక్కలో చెబుతారు. డేటాసైజ్‌లో బిట్ అన్న ప్రమాణమే లేదు. సెకనుకు 100 మెగాబిట్లు అంటే 1,25,00,000 బైట్లు. డేటాసైజ్ లెక్కలో 1 గిగాబైటు ఫైలు ఆ వేగంతో రావడానికి, ఇతర భారాలేవీ లేకపోయినా, దాదాపు 86 సెకన్లు పడుతుంది. బిట్లను బైట్లనుకున్నవారు 10 సెకన్లలో వస్తుందని ఎదురుచూస్తారు.

డేటాబేస్‌లో, జేసన్‌లో ఏ రూపంలో దాచాలి?

బైట్లుగా, 64 బిట్ల పూర్ణాంకపు కాలమ్‌లో. "10 కేబీ" వంటి పాఠ్యంగా దాస్తే అది "9 కేబీ" కంటే ముందు వరుసలోకి వస్తుంది, కూడికకు పనికిరాదు. కాలమ్ పేరులో బైట్లు అన్న మాట ఉంచండి, ఎందుకంటే డేటాబేస్‌లోకి వెళ్లాక టైపు రక్షణ ఉండదు.

జేసన్ విషయంలో ఒక హెచ్చరిక. జావా ఆబ్జెక్ట్‌లను జేసన్‌గా మార్చే జాక్సన్ లైబ్రరీ గెటర్ నియమాలను అనుసరించి గుణాలను వెతుకుతుంది, డేటాసైజ్‌లో ఆ నియమానికి సరిపోయేది ఈజ్‌నెగటివ్ ఒక్కటే. ప్రత్యేకమైన సీరియలైజర్ రాయకుండా పంపితే, అవతలివారికి ఆ విలువ రుణాత్మకం కాదన్న సమాచారం తప్ప పరిమాణం అందదు.

తెలుగు పాఠ్యానికి పరిమితి పెడుతున్నాం. అక్షరాల సంఖ్యను బైట్లుగా తీసుకోవచ్చా?

వద్దు. యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. "తెలుగు" అన్న మాటలో మన కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, ఫైలులో 18 బైట్లు. "స్త్రీ" అన్నది ఒక్క అక్షరమే అయినా దానికీ 18 బైట్లు. జావాలో లెంగ్త్ మెథడ్ రెండింటికీ 6 అనే చెబుతుంది. అది బైట్ల సంఖ్య కాదు, చదువరి లెక్కపెట్టే అక్షరాల సంఖ్య కూడా కాదు. ఒరాకిల్‌లో డీఫాల్ట్ అమరికతో 100 అని ప్రకటించిన వార్‌చార్2 కాలమ్ 100 బైట్లది, అందులో 33 తెలుగు సంకేతాలే పడతాయి. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి విడుదల చేసిన ఫారం మన ఊరి పేర్ల దగ్గర విరిగిపోవడానికి ఇదే కారణం.

పరిమితి నిల్వ కోసమైతే, పాఠ్యాన్ని యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి, ఆ పొడవును డేటాసైజ్ బైట్లతో పోల్చండి. పరిమితి చదివేవారి సౌకర్యం కోసమైతే, అది డేటాసైజ్ పని కాదు, అక్షరాలను లెక్కించే వేరే పద్ధతి కావాలి. కత్తిరించాల్సి వస్తే బైటు హద్దు దగ్గర గుడ్డిగా కత్తిరించవద్దు. ఒక సంకేతం మధ్యలో తెగి తెర మీద ప్రశ్నార్థకపు గడిగా మిగులుతుంది.

మా కోడ్‌లో ఏ విలువలతో పరీక్షలు రాయాలి?

హద్దులకు ఇరువైపులా: 0, 1, 1023, 1024, 1025, ఆపై 10,48,575, 10,48,576. హద్దు లేదనడానికి -1 వాడుతుంటే దాన్ని ప్రతి డీఫాల్ట్ ప్రమాణంతోనూ. పాఠ్యం నుంచి చదివేచోట ప్రమాణం లేని సంఖ్య మీరనుకున్న ప్రమాణంలోనే వస్తోందా చూడండి; చిన్న అక్షరాలు, దశాంశ బిందువు, 83,88,608 టెరాబైట్లు ఇచ్చి, మీ ప్రోగ్రాం ఆగుతుందా, ఆగినప్పుడు వచ్చే సందేశంలో ఏ సెట్టింగు తప్పో తెలుస్తుందా అని చూడండి. తెర మీద చూపే మెథడ్‌కు 9,99,999 తప్పకుండా ఇవ్వండి. చివరగా, యాదృచ్ఛిక బైట్ల సంఖ్యలు వేల కొద్దీ తీసుకుని, టుస్ట్రింగ్ ఇచ్చిన పాఠ్యాన్ని పార్స్‌కు ఇస్తే మళ్లీ అదే విలువ వస్తోందో లేదో సరిచూడండి. బైట్లలో దాచినంత కాలం ఇది ధనాత్మకానికీ రుణాత్మకానికీ, 92,23,37,20,36,85,47,75,807 వరకు, ఒక్క బైటు తేడా లేకుండా నిలబడుతుంది.